ప్రూఫు చూశాకే... ఎంటర్!

సెల్‌ఫోన్‌లో కొత్త యాప్ కావాలంటే ఏం చేస్తాం? బొమ్మ మీద ఓసారి నొక్కుతాం. చిన్న చక్రం గిర్రున తిరుగుతుంది. అరనిమిషంలో యాప్ సిద్ధం. పదో తరగతి పిల్లాడి నుంచి పింఛను తీసుకునే తాతయ్య దాకా అందరికీ అలవాటైన పనే ఇది.

మరి ఆ యాప్‌కి అవతలి వైపు సంగతేమిటి? రైలు టిక్కెట్ల కోసం ఒకేసారి లక్షలమంది ఎగబడినా, పరీక్ష ఫలితాల రోజున రాష్ట్రం రాష్ట్రమంతా ఒకే సైటు మీద పడినా జవాబు చెప్పేది ఒక కంప్యూటర్ కాదు. ఎక్కడో ఒక పెద్ద హాల్లో బీరువాల్లా వరసగా నిలబెట్టిన పదులూ వందల కంప్యూటర్లు. వాటన్నిట్లోకీ సాఫ్ట్‌వేర్ ఎక్కించేదెలా? ఒక్కోదాని దగ్గరికీ వెళ్లి సీడీ పెట్టాలా?

అక్కర్లేదు. నల్లటి తెర ముందు కూర్చున్న ఇంజినీరు ఒక్క వరస టైపు చేసి ఎంటర్ కొడితే చాలు. ఆ వరస మొదట్లో ఉండే మాట చాలాసార్లు 'హెల్మ్'. డెవాప్స్ అనే ఉద్యోగం చేస్తున్న అబ్బాయో అమ్మాయో ఉన్న ఇళ్లలో ఫోన్ సంభాషణల్లో తరచూ దొర్లే పేరే. "అసలు నువ్వు చేసే పనేంట్రా?" అని ఇంట్లోవాళ్లు అడిగితే "చెప్పినా మీకు అర్థం కాదులే" అనే సమాధానం వచ్చేది ఎక్కువగా ఇలాంటి పని గురించే. నిజానికి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక్కసారైనా శుభలేఖలు అచ్చు వేయించినవాళ్లకి సగం తెలిసిన వ్యవహారమే!

ముందు పెట్టె వచ్చింది

విశాఖ రేవు వైపు వెళితే రంగురంగుల ఇనప పెట్టెలు ఒకదాని మీద ఒకటి మేడల్లా పేర్చి కనిపిస్తాయి. అవే కంటైనర్లు. అవి రాకముందు ఓడల్లోకి సరుకు ఎక్కించడమంటే పెద్ద ప్రహసనం. బస్తాలు, పీపాలు, చెక్కపెట్టెలు... దేని సైజు దానిదే. కూలీలు ఒక్కొక్కటీ మోసి సర్దాలి. అవతలి రేవులో మళ్లీ ఒక్కొక్కటీ దించాలి.

అమెరికాలో లారీల వ్యాపారం చేసే మాల్కమ్ మెక్లీన్‌కి ఇది వృథా ప్రయాస అనిపించింది. సరుకును ఒకే కొలత ఉన్న పెట్టెల్లో నింపి తాళం వేసి, పెట్టెకు పెట్టె ఎత్తి ఓడలో పెడితే సరిపోతుంది కదా అనుకున్నాడు. 1956 ఏప్రిల్ 26న 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 పెట్టెలతో న్యూయార్క్ పక్కనున్న న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కి బయల్దేరింది. ప్రపంచ వ్యాపారం తీరే మారిపోయింది. లోపల బియ్యం ఉన్నాయా, బొమ్మలు ఉన్నాయా అన్నది క్రేన్‌కి అనవసరం. పెట్టె కొలత తెలిస్తే చాలు.

సాఫ్ట్‌వేర్‌దీ ఇదే కష్టం. తయారుచేసినవాడి కంప్యూటర్లో భేషుగ్గా నడిచిన ప్రోగ్రాం వేరేచోట పెడితే మొరాయించేది. కారణం, ఏ ప్రోగ్రామూ ఒంటరిగా బతకదు. దానికి తోడుగా కొన్ని ఫైళ్లు కావాలి. అవి సరిగ్గా ఫలానా వెర్షనే అయ్యుండాలి. "నా మిషన్లో బాగానే పనిచేసిందే!" అన్నది ఇంజినీర్లు తరతరాలుగా చెప్పే సాకు. 2013లో బయటికొచ్చిన 'డాకర్' దీనికి మెక్లీన్ మార్గాన్నే పట్టింది. ప్రోగ్రామునూ దానికి కావలసిన తోడు సరంజామానూ కలిపి ఒకే పెట్టెలో పెట్టేయడం. ఆ పెట్టెను ఏ సర్వర్ మీద దించినా ఒకేలా నడుస్తుంది. పేరు కూడా అదే... కంటైనర్.

వందల పెట్టెలకు ఒక మేస్త్రీ

నాలుగు పెట్టెలైతే మనిషి చూసుకోగలడు. నాలుగొందలైతే? ఏది ఏ కంప్యూటర్లో పెట్టాలి, ఏది ఆగిపోయింది, ఏది మళ్లీ మొదలుపెట్టాలి అని రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండాలి. ఈ తలనొప్పి అందరికంటే ముందు చూసింది గూగుల్. వారానికి 200 కోట్లకు పైగా కంటైనర్లను నడిపిస్తున్నట్టు 2014లో ఆ సంస్థ ఇంజినీరు జో బేడా చెప్పాడు. ఆ అనుభవంతోనే 2014 జూన్‌లో 'కుబర్నెటీస్' అనే సాఫ్ట్‌వేర్‌ని గూగుల్ అందరికీ ఉచితంగా ప్రకటించింది. గ్రీకు భాషలో ఆ మాటకు ఓడ చుక్కాని పట్టేవాడు అని అర్థం. 2015 జులైలో తొలి పూర్తి వెర్షన్ వచ్చింది. ఆ తర్వాత అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకుండా 'క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్' అనే సంస్థ అధీనంలోకి వెళ్లింది.

కుబర్నెటీస్ పనితీరు పెళ్లిపందిట్లో వడ్డన చూసే మేస్త్రీలా ఉంటుంది. "పంక్తిలో ఎప్పుడూ ముగ్గురు వడ్డించేవాళ్లు ఉండాలి" అని చెప్పి వదిలేస్తే చాలు. ఒకడు అలసి పక్కకు పోతే మేస్త్రీ మరొకణ్ని దించుతాడు. మళ్లీ మళ్లీ గుర్తు చేయక్కర్లేదు. కుబర్నెటీస్‌కి కూడా "ఈ ప్రోగ్రాంవి మూడు నకళ్లు ఎప్పుడూ నడుస్తుండాలి" అని రాసిస్తే చాలు. ఒక కంప్యూటర్ పాడైతే అందులోని నకలును ఇంకోదాంట్లో మొదలుపెడుతుంది. అది కాపలా కాసే ఈ కంప్యూటర్ల గుంపునే 'క్లస్టర్' అంటారు.

అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, ఈ మేస్త్రీ నోటిమాట వినడు. ప్రతిదీ రాతపూర్వకంగా ఇవ్వాల్సిందే!

ఒక కాలేజీ తన సైటును క్లస్టర్ మీద పెట్టాలనుకుందనుకోండి. ప్రోగ్రాం ఎన్ని నకళ్లు నడవాలో ఒక ఫైలు. బయటివాళ్లు దాన్ని ఏ దారిన చేరాలో ఇంకో ఫైలు. వివరాలు దాచుకునే డేటాబేస్‌కి ఒకటి. దానికి డిస్కులో చోటు కేటాయించమని ఒకటి. పాస్‌వర్డుకి ఒకటి, మిగతా అమరికలకి ఒకటి. 'యామల్' అనే పద్ధతిలో రాసే ఈ కాగితాల్లో ఒక వరస రెండు అక్షరాల మేర పక్కకు జరిగినా అర్థం మారిపోతుంది. పోనీ ఎలాగోలా రాశారు. పరీక్షించడానికి ఒక సెట్టు, అసలు వాడకానికి ఒక సెట్టు కావాలి. పాత ఫైళ్లను నకలు తీసి పేర్లు మారుస్తూ పోతే ఎక్కడో ఒకచోట పాతపేరు మిగిలిపోతుంది. సరిగ్గా అర్ధరాత్రి సైటు ఆగిపోయినప్పుడే ఆ సంగతి బయటపడుతుంది!

శుభలేఖ మ్యాటరు

ప్రింటింగ్ ప్రెస్సుకి వెళ్లి శుభలేఖ కావాలంటే అక్కడివాళ్లు కాగితం, కలం ఇచ్చి కొత్తగా రాయమనరు. రెడీమేడ్ మ్యాటర్ల పుస్తకం ముందు పెడతారు. నచ్చినది ఎంచుకుని వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం చిరునామా చెబితే చాలు. మిగతాదంతా ఎన్నో పెళ్లిళ్లు చూసినవాళ్లు ముందే ఆలోచించి కూర్చిపెట్టి ఉంటారు.

హెల్మ్ చేసేది అదే. డీస్ అనే చిన్న అమెరికన్ కంపెనీ 2015 అక్టోబరులో తన ఉద్యోగుల మధ్య ఒక పోటీ పెట్టింది. అందులో మ్యాట్ బుచర్, జాక్ ఫ్రాన్సిస్, రిమాస్ మోసెవిచియస్ అనే ముగ్గురు సరదాగా మొదలుపెట్టిన ప్రోగ్రాం ఇది. మర్నెల, నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన తొలి కుబర్నెటీస్ సదస్సులో లోకానికి పరిచయమైంది. హెల్మ్ అంటే చుక్కాని. కుబర్నెటీస్ సరంగు అయితే అతని చేతికో చుక్కాని ఉండాలి కదా! అది నడిపే ప్యాకేజీలకు 'చార్ట్' అని పేరు పెట్టారు. నావికుడు దారి చూసుకునే పటం అన్నమాట.

చార్టులో ప్రధానంగా రెండుంటాయి. ఒకటి మ్యాటరు. అంటే ఖాళీలు వదిలి రాసిన యామల్ ఫైళ్లు. రెండోది 'వాల్యూస్' అనే పట్టిక. ఆ ఖాళీల్లో ఏం నింపాలో అందులో ఉంటుంది. ఎన్ని నకళ్లు, ఎంత డిస్కు, ఏ పాస్‌వర్డు, బయటి ప్రపంచానికి తలుపు తెరవాలా వద్దా... అన్నీ. చార్టు తయారుచేసినవాళ్లు తమకు తోచిన విలువలు ముందే నింపి ఉంచుతారు. వాటినే 'డిఫాల్ట్' విలువలు అంటారు. వాడేవాళ్లు కావలసినవి మార్చుకోవచ్చు. మార్చకపోతే అవే అమల్లోకి వస్తాయి. ఈ చివరి వాక్యాన్ని గుర్తుంచుకోవాలి. ముందుముందు అసలు కథంతా దానిమీదే!

మరో సంగతి. చార్టులో ప్రోగ్రాం ఉండదు. ప్రోగ్రాం ఉన్న కంటైనర్ పెట్టె ఇంటర్నెట్‌లో ఏ గోదాములో దొరుకుతుందో ఆ చిరునామా మాత్రమే ఉంటుంది. అలాగే ఒక చార్టు ఇంకో చార్టును వెంటబెట్టుకు రావచ్చు. వంట కాంట్రాక్టు ఒప్పుకున్నాయన షామియానావాళ్లనూ తనే తెచ్చినట్టు, సైటు చార్టు తన డేటాబేస్ చార్టును తనే తెచ్చుకుంటుంది.

ఒక్క వరసలో ఏం జరుగుతుంది?

ఇంజినీరు కమాండ్ లైన్ తెరుస్తాడు. అంటే మౌసూ బొమ్మలూ లేకుండా ఆదేశాలు టైపు చేసే నల్లటి తెర. ముందుగా 'హెల్మ్ రెపో యాడ్' అని చార్టులు దొరికే కొట్టు చిరునామా చెబుతాడు. 'హెల్మ్ సెర్చ్' అని కావలసింది వెతుకుతాడు. చివరికి 'హెల్మ్ ఇన్‌స్టాల్' అని, పక్కన తను పెట్టుకున్న పేరు, ఆ తర్వాత చార్టు పేరు ఇచ్చి ఎంటర్ కొడతాడు. మాటలు ఇక్కడ తెలుగులో ఉన్నా కీబోర్డు మీద కొట్టేది ఇంగ్లిషులోనే లెండి.

ఆ క్షణంలో హెల్మ్ చార్టును తెస్తుంది. ఖాళీల్లో విలువలు నింపుతుంది. ఏది ముందు, ఏది వెనక అన్న వరస చూసుకుని కాగితాలన్నీ కుబర్నెటీస్‌కి అప్పజెబుతుంది. ఆ మొత్తం ఏర్పాటును 'రిలీజ్' అనే పేరుతో క్లస్టర్‌లోనే చిట్టా రాసి పెడుతుంది. ఒకే చార్టును వేర్వేరు పేర్లతో పదిసార్లు పెట్టుకోవచ్చు. ఒకే మ్యాటరుతో పది పెళ్లిళ్ల శుభలేఖలు వేసినట్టే.

ఈ చిట్టా వల్ల వచ్చే లాభం అంతా ఇంతా కాదు. 'హెల్మ్ లిస్ట్' అంటే క్లస్టర్‌లో ఏమేం పెట్టారో చూపిస్తుంది. 'హెల్మ్ అప్‌గ్రేడ్' అంటే కొత్త వెర్షన్‌కి మారుస్తుంది. మార్చాక సైటు తిరగబడిందా? 'హెల్మ్ హిస్టరీ'లో పాత అంకె చూసుకుని 'హెల్మ్ రోల్‌బ్యాక్' అంటే చాలు, నిన్నటి ఏర్పాటు తిరిగొస్తుంది. తమాషా ఏమిటంటే, హెల్మ్ వెనక్కి వెళ్లినా చిట్టాలో పుట చింపదు. మూడో మార్పు చెడి రెండోదానికి వెళితే, దాన్ని నాలుగో పద్దుగా రాసుకుంటుంది. ఎప్పుడేం జరిగిందో నెల తర్వాతైనా తెలుస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. వెనక్కి వచ్చేది ఏర్పాటే గానీ లోపలి డేటా కాదు. కొత్త వెర్షన్ డేటాబేస్‌లో ఏవైనా మార్చేసి ఉంటే రోల్‌బ్యాక్ దాన్ని బాగుచేయలేదు. బ్యాకప్ విడిగా తీసుకోవాల్సిందే. 'హెల్మ్ అన్‌ఇన్‌స్టాల్' అని తీసేసినా డేటాబేస్ వాడుకున్న డిస్కు చోటు చాలాసార్లు అలాగే మిగిలి ఉంటుంది. అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేశారు, సామాన్లు మాత్రం లోపలే ఉన్నాయన్నమాట! తెలియనివాళ్లు క్లౌడ్ కంపెనీకి నెలనెలా ఆ అద్దె కడుతూనే ఉంటారు.

పెత్తనం పోయిన టిల్లర్

హెల్మ్ రెండో వెర్షన్ 2016లో వచ్చింది. అందులో 'టిల్లర్' అనే సహాయకుణ్ని క్లస్టర్ లోపలే కూర్చోబెట్టారు. ఇంజినీరు చెప్పడం, టిల్లర్ చేయడం. పని సులువైంది. కానీ మామూలుగా పెట్టినప్పుడు టిల్లర్ చేతిలో క్లస్టర్ మొత్తానికీ అధికారం ఉండేది. పైగా తన దగ్గరికి వచ్చినవాడెవడో గట్టిగా నిలదీసేది కాదు. ఇంటి తాళాలన్నీ గుత్తంగా కాపలాదారుకిచ్చి, అడిగినవాడికల్లా తీసిపెట్టమన్నట్టుండేది వ్యవహారం. క్లస్టర్‌లో ఏ మూలనో చిన్న చోటు సంపాదించిన దొంగ కూడా టిల్లర్‌ని పట్టుకుంటే యజమాని అయిపోవచ్చు.

2019 నవంబరులో వచ్చిన మూడో వెర్షన్‌లో టిల్లర్‌ని పూర్తిగా తీసేశారు. ఇంజినీరుకి క్లస్టర్‌లో ఎంత అనుమతి ఉందో హెల్మ్‌కీ అంతే. ఒక విభాగం వరకే అధికారం ఉన్నవాడు పక్క విభాగంలో వేలు పెట్టలేడు. 2020 ఏప్రిల్‌లో ఫౌండేషన్ హెల్మ్‌ని పూర్తిగా పరిణతి చెందిన ప్రాజెక్టుగా గుర్తించింది. నాలుగో వెర్షన్ 2025 నవంబరులో వచ్చింది.

పనిముట్టుకున్న అధికారం తగ్గించారు, బాగుంది. మరి దాన్ని పట్టుకున్నవాడి తొందరపాటు మాటేమిటి?

సున్నా... సున్నా... సున్నా

కొత్త సూట్‌కేసు కొంటే నంబరు తాళం మూడు సున్నాల మీద ఉంటుంది. కొనేవాడికి తెరిచి చూపించడానికి అది కొట్టువాడి సౌకర్యం. నంబరు మార్చుకోకుండా అదే పెట్టెతో రైలెక్కితే ఆ తాళం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. చార్టులోని డిఫాల్ట్ విలువలూ అంతే. చూసినవాళ్లకు వెంటనే పనిచేసి కనిపించాలని చార్టు రాసినవాళ్లు తలుపులు బార్లా తెరిచి ఉంచడం మామూలే.

2025 మేలో మైక్రోసాఫ్ట్ భద్రతా పరిశోధకులు సరిగ్గా ఈ సంగతే బయటపెట్టారు. ఉచితంగా దొరికే కొన్ని హెల్మ్ చార్టులను ఏమీ మార్చకుండా పెట్టేస్తే, లోపలి ప్రోగ్రాం పాస్‌వర్డు అడక్కుండానే ఇంటర్నెట్ మొత్తానికీ కనిపిస్తోందని ఉదాహరణలతో చూపించారు. పెద్దఎత్తున లెక్కలు విశ్లేషించే 'అపాచీ పినో' చార్టు వాటిలో ఒకటి. చిరునామా దొరికితే చాలు, దారినపోయే దానయ్య కూడా కంపెనీ డేటా తిరగేయొచ్చు!

తలుపు తెరిచి ఉంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలోనే ప్రపంచం చూసింది. కార్ల కంపెనీ టెస్లా కుబర్నెటీస్ అజమాయిషీ తెరకు పాస్‌వర్డు లేదని రెడ్‌లాక్ అనే భద్రతా సంస్థ కనిపెట్టింది. అప్పటికే దొంగలు లోపలికి దూరారు. అక్కడ దొరికిన తాళాలతో టెస్లా క్లౌడ్ ఖాతాను చేరారు. ఎవరికీ అనుమానం రాకుండా తక్కువ జోరులో క్రిప్టో నాణేల తవ్వకం మొదలుపెట్టారు. కరెంటు కంపెనీది, కంప్యూటర్ కంపెనీది, సంపాదన దొంగలది! తెలిసిన కొన్ని గంటల్లోనే సరిచేశామని టెస్లా చెప్పింది. ఇది హెల్మ్ వల్ల జరిగింది కాదు. తాళం వేయని ఒక్క తలుపు వల్ల జరిగింది. కాకపోతే ఆ తలుపుల్ని ఒక్క వరసతో పదుల సంఖ్యలో నిలబెట్టగల శక్తి హెల్మ్‌ది. అందుకే జాగ్రత్తా అన్ని రెట్లు ఉండాలి.

ఆ సర్వర్లలో ఉండేవి ఏదో కంపెనీ లెక్కలే అనుకోవడానికి లేదు. ఆసుపత్రిలో తీయించుకున్న రక్తపరీక్ష రిపోర్టు, పిల్లల మార్కులు, బ్యాంకుకిచ్చిన ఫోన్ నంబరు... అన్నీ ఏదో ఒక క్లస్టర్‌లో ఉండేవే కావచ్చు. అక్కడ ఎవరో డిఫాల్ట్ మార్చకుండా ఎంటర్ కొట్టిన ఫలితం ఇక్కడ ఇంట్లో మోగే మోసగాళ్ల ఫోన్ కాల్‌గా తేలొచ్చు.

కొట్టు కట్టేస్తే?

ఇంకో చిక్కూ ఉంది. చార్టు, పెట్టె రెండూ వేరేవాళ్ల గోదాముల నుంచి రావాలి. మొదట్లో హెల్మ్ బృందమే 'స్టేబుల్' అనే ఉమ్మడి కొట్టు నడిపేది. చార్టులు పెరిగిపోయి చూసుకోవడం తలకు మించిన భారమైంది. 2020 నవంబరులో దాన్ని ముగించేశారు. ఎవరి చార్టు వాళ్లే నిర్వహించుకునే పద్ధతి వచ్చింది. ఎక్కడేం దొరుకుతుందో చెప్పే సూచికగా 'ఆర్టిఫాక్ట్ హబ్' నిలిచింది.

ఉచిత చార్టులకు ఏళ్లతరబడి పెద్ద దిక్కుగా ఉన్నది బిట్నామీ. అది ముందు వీఎంవేర్ చేతికి, 2023లో వీఎంవేర్‌తో పాటు బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లింది. 2025లో ఉచిత పెట్టెల్లో చాలావాటిని ఇకమీదట మార్పుచేర్పులు జరగని పాత గోదాముకి తరలించారు. భద్రతా సవరణలతో కూడిన పూర్తి సరుకు కావాలంటే చెల్లించి తీసుకోవాలి. వాళ్ల సరుకు, వాళ్ల ఇష్టం. కానీ పాత చిరునామానే నమ్ముకున్న ఇంజినీర్లు ఉన్నపళంగా ఫైళ్లు తిరగేయాల్సి వచ్చింది. తమ క్లస్టర్‌లో ఏ పెట్టె ఎక్కణ్నుంచి వస్తోందో ముందే రాసిపెట్టుకున్నవాళ్లు ఒక్కపూటలో సర్దుకున్నారు. కావలసిన పెట్టెలను తమ సొంత గోదాములో దాచుకున్నవాళ్లకు ఆపాటి కష్టం కూడా లేదు. ఏడాదికి సరిపడా ఆవకాయ జాడీలో ఉన్న ఇంటికి మార్కెట్లో మామిడికాయ ధరతో పనేముంది!

ఎంటర్ కొట్టే ముందు

అనుభవజ్ఞులు పాటించే పద్ధతి సులువైనదే. ఎవరైనా అలవాటు చేసుకోవచ్చు.

మొదటిది, 'హెల్మ్ షో వాల్యూస్' అని కొట్టి పట్టిక మొత్తం చదవాలి. బయటికి తలుపు తెరుస్తోందా, పాస్‌వర్డు ఉందా, ఉంటే అది అందరికీ తెలిసిన మాటేనా అన్నవి చూడాలి.

రెండోది, మార్చిన విలువలను అప్పటికప్పుడు కమాండ్ లైన్‌లో కొట్టేసి మరిచిపోకుండా విడిగా ఒక ఫైల్లో రాసుకోవాలి. రేపు ఇంకొకరు ఆ పని చూడాల్సి వస్తే అదే ఆధారం. పాస్‌వర్డులు మాత్రం అందులో పెట్టకూడదు. ఎందుకంటే ఇచ్చిన విలువలన్నీ రిలీజ్ చిట్టాలోకి చేరతాయి. చిట్టా చూడగలిగినవాడు పాస్‌వర్డూ చూడగలడు.

మూడోది, ఫలానా వెర్షనే కావాలని అంకె ఇవ్వాలి. ఇవ్వకపోతే హెల్మ్ ఆ రోజుకి కొత్తదేదో అది తెస్తుంది. సోమవారం పరీక్షించింది ఒకటి, శుక్రవారం పెట్టింది ఇంకొకటి అయ్యే ప్రమాదం ఉంది.

నాలుగోది, చార్టు రాసినవాళ్లెవరో చూడాలి. ప్రోగ్రాం తయారుచేసినవాళ్లేనా, ఊరూపేరూ తెలియనివాళ్లా? చార్టు మీద డిజిటల్ సంతకం ఉంటే దాన్ని సరిచూసే వీలు హెల్మ్‌లోనే ఉంది.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. 'హెల్మ్ టెంప్లేట్' అని కొడితే ఖాళీలన్నీ నింపిన తుది కాగితాలు తెర మీద కనిపిస్తాయి. క్లస్టర్‌లో ఏదీ మారదు. సరిగ్గా ప్రెస్సువాళ్లు ఇచ్చే ప్రూఫు కాపీ లాంటిదన్నమాట. చదవడానికి పది నిమిషాలు పడుతుంది. చాలామంది దాటేసేది కూడా ఈ మెట్టునే.

ఇంట్లోనే నేర్చుకోవచ్చు

ఇదంతా చదివి డిగ్రీ, ఇంజినీరింగ్ చేస్తున్న పిల్లలు వెనకడుగు వేయనక్కర్లేదు. నేర్చుకోవడానికి పెద్ద హాలూ వంద సర్వర్లూ అవసరం లేదు. 'మినీక్యూబ్' అనే ఉచిత ప్రోగ్రాం ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనే చిన్న క్లస్టర్ తయారుచేసి ఇస్తుంది. రెండు ప్రాసెసర్లు, 2 జీబీ ఖాళీ మెమరీ, 20 జీబీ డిస్కు చోటు ఉంటే చాలు. కుబర్నెటీస్, హెల్మ్ రెండూ ఉచితం. పాఠాలు వాటి సొంత సైట్లలోనే ఉన్నాయి. పెట్టడం, మార్చడం, కావాలని పాడుచేయడం, రోల్‌బ్యాక్‌తో వెనక్కి తేవడం... ఇవన్నీ అక్కడ భయం లేకుండా చేసి చూడొచ్చు. పాడైతే మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఈ రంగానికి మన దగ్గర ఆదరణ ఎంతుందంటే, కుబర్నెటీస్ సదస్సు భారతదేశంలో తొలిసారి 2024 డిసెంబరులో ఢిల్లీలో జరిగితే, రెండోసారి 2025 ఆగస్టు 6, 7 తేదీల్లో హైదరాబాద్‌కే వచ్చింది.

అయితే ఆదేశాలు బట్టీపట్టినంత మాత్రాన పని వచ్చినట్టు కాదు. 'హెల్మ్ ఇన్‌స్టాల్' అని కొట్టడం అయిదు నిమిషాల్లో ఎవరికైనా వస్తుంది. ఆ ఒక్క వరస ఏయే తలుపులు తెరుస్తోందో, ఏ గోదాము నుంచి ఏం తెస్తోందో, చెడితే ఏది వెనక్కి వస్తుందో, ఏది రాదో చెప్పగలిగినవాడి చేతికే ఏ కంపెనీ అయినా తన క్లస్టర్‌ని ధైర్యంగా అప్పగిస్తుంది.

పెళ్లిపెద్దలు ఎంత హడావుడిలో ఉన్నా శుభలేఖ ప్రూఫు ఒకటికి రెండుసార్లు చదువుతారు. వరుడి పేరు దగ్గర ప్రెస్సువాడి నమూనా పేరే మిగిలిపోతే, అచ్చయిన వెయ్యి కార్డులూ వృథా కదా మరి!